వీడియో గేములూ, కాలేజి చదువూ: ఎవరూ చూడని 25 గంటలు

(కమ్యూనిటీ రేడియో ప్రసంగ పాఠం)

కౌలాలంపూర్ నుంచి మాట్లాడుతున్నాను. నేను ఐటీ కన్సల్టెంటుని. పెరాక్ రాష్ట్రంలో బాగాన్ డాతుక్ వైపు కొబ్బరి తోటల్లో పనికి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో మాదీ ఒకటి. మా ఇంట్లో యూనివర్సిటీకి వెళ్ళిన మొదటివాణ్ణి నేనే. వీడియో గేముల వల్ల ఆ చదువుని పోగొట్టుకోబోయినవాణ్ణి కూడా నేనే. అందుకే ఈ విషయం మీద మాట్లాడమని అడిగినప్పుడు కాదనలేకపోయాను.

మొన్నామధ్య ఒక ఆదివారం రాత్రి పదకొండు దాటాక మా అక్క ఫోన్ చేసింది. "తమ్ముడూ, వీడికి రెండు సబ్జెక్టులు పోయాయిరా. రాత్రంతా ఫోన్లో ఆటే. మీ బావ వైఫై తీసేశారు. అప్పట్నించీ ఫ్రెండు రూములోనే ఉంటున్నాడు, ఇంటికి రావడం లేదు" అని ఏడ్చింది. మా మేనల్లుడికి పంతొమ్మిదేళ్ళు. స్కూల్లో ఎస్పీఎం పరీక్షలో మంచి మార్కులు తెచ్చుకున్నవాడే. మరి కాలేజికి వచ్చాక ఏమైంది?

నా ఉద్దేశ్యంలో తప్పు ఒక్క ఆటలో లేదు. గంటల లెక్కలో ఉంది. అదేమిటో చెబుతాను.

మలేషియాలో యూనివర్సిటీ కోర్సులకు ప్రమాణాలు నిర్ణయించేది ఎంక్యూఏ అనే ప్రభుత్వ సంస్థ. దాని లెక్క ప్రకారం ఒక క్రెడిట్ అంటే విద్యార్థి పడవలసిన 40 గంటల శ్రమ. క్లాసులు, ట్యుటోరియల్స్, సొంతంగా చదువుకోవడం, పరీక్ష రాయడం అన్నీ అందులోకే వస్తాయి. మా వాడికి ఐదు సబ్జెక్టులు, 15 క్రెడిట్లు. అంటే సెమిస్టరుకి 600 గంటలు. పాఠాలు జరిగేది 14 వారాలు అనుకుంటే వారానికి సుమారు 43 గంటలు. పరీక్షల వారాలు కూడా కలుపుకుంటే 35కి కాస్త అటూ ఇటూ. ఏ విధంగా చూసినా ఇది పూర్తి ఉద్యోగమంత పని.

మరి మా వాడి టైంటేబుల్లో కనబడే క్లాసులెన్ని? వారానికి 18 గంటలు. మిగిలిన 25 గంటలు ఏ కాగితం మీదా ఉండవు. గంట కొట్టేవారు ఉండరు, హాజరు వేసేవారు ఉండరు. స్కూల్లో ఉన్నన్నాళ్ళూ టీచర్లు, ట్యూషన్లు, అమ్మానాన్నలు కలిసి పిల్లవాడి రోజంతా నింపేస్తారు. కాలేజికి రాగానే అదంతా ఒక్కసారిగా ఖాళీ అవుతుంది. "వారానికి మూడు రోజులే క్లాసులట" అని మనం కూడా సంతోషపడతాం. ఆ ఖాళీలోకే ఆట వచ్చి కూర్చుంటుంది.

వేరే దేశాల్లో ఉన్న శ్రోతలకు కూడా ఈ లెక్క వర్తిస్తుంది. అమెరికాలో ఒక క్రెడిట్ అంటే వారానికి ఒక గంట క్లాసు, దానికి తోడు కనీసం రెండు గంటల సొంత చదువు అని సాధారణంగా లెక్క. ఐరోపాలో ఒక ఈసీటీఎస్ క్రెడిట్‌కి 25 నుంచి 30 గంటలు.

ఇక నా సంగతి. 2007లో నేను యూనివర్సిటీలో చేరాను. కాలేజి పక్కనే సైబర్ కెఫే. అర్ధరాత్రి నుంచి తెల్లారేదాకా తక్కువ ధరకు ప్యాకేజి. అప్పట్లో అందరూ డోటా ఆడేవారు. ఐదుగురు ఒక పక్క, ఐదుగురు ఒక పక్క. రెండో సెమిస్టరు అయ్యేసరికి నా సీజీపీఏ 2 కంటే కిందికి పోయింది. ఇంకో సెమిస్టరు ఇలాగే ఉంటే పేరు తీసేస్తామని ఉత్తరం వచ్చింది.

ఆ ఉత్తరం చూసి మా నాన్న బస్సెక్కి వచ్చారు. తోటలో కొబ్బరికాయలు వలిచే పని ఆయనది. కాయల లెక్కన కూలి. ఆయన కేకలు వేయలేదు. "వారానికి ఎన్ని గంటలు చదువుతున్నావు నాన్నా?" అని మాత్రం అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఆటలో ఎన్ని గెలిచానో, ఎన్ని ఓడానో అంకెలతో సహా తెలుసు. చదివిన గంటలు మాత్రం తెలియవు. రోజుకు ఎన్ని కాయలు వలిచారో చెప్పగలిగే మనిషి ముందు అలా నిలబడటం నేనింకా మరిచిపోలేదు.

మేనల్లుణ్ణి ఒక మమక్ కొట్లో కలిశాను. తె తారిక్ తాగుతూ కాగితం మీద లెక్క వేశాం. వారానికి 168 గంటలు. నిద్రకు 56. చదువుకు 43. తిండి, స్నానం, ప్రయాణాలకు 21. మొత్తం 120. ఇంకా 48 గంటలు మిగిలాయి. వాడే ఆశ్చర్యపోయాడు. "అయితే ఆడుకోవచ్చా మావయ్యా?" అన్నాడు. ఆడుకోవచ్చురా అన్నాను. ఇల్లు, స్నేహితులు, బ్యాడ్మింటన్, గుడి అన్నీ పోయినా వారానికి పన్నెండు, పధ్నాలుగు గంటల ఆటకు చోటుంది. ఎటొచ్చీ ఆ 25 గంటల సొంత చదువుకి ముందు చోటు వెయ్యాలి. మేం అనుకున్నవి ఇవీ:

మొదటిది, ఆ 25 గంటలనూ క్లాసుల లాగే టైంటేబుల్లో రాసుకోవడం. ఏ రోజు, ఏ సబ్జెక్టు, ఎక్కడ కూర్చుని అనేది కూడా. క్లాసుల మధ్య ఖాళీల్లో లైబ్రరీలో చదివితే చాలావరకు పగలే అయిపోతుంది.

రెండవది, ఆపే సమయం కాకుండా ఆఖరి ఆట మొదలుపెట్టే సమయం పెట్టుకోవడం. డోటా లాంటి ఆట ఒక్కోటి 40 నిమిషాలు, ఒక్కోసారి గంట కూడా పడుతుంది. పదకొండుకు పడుకోవాలంటే పది తర్వాత కొత్త ఆట మొదలుపెట్టకూడదు.

మూడవది, జట్టుగా ఆడే ఆటలను శుక్ర, శనివారాలకు ఉంచుకోవడం. మిగతా రోజుల్లో ఎక్కడికక్కడ సేవ్ చేసి లేవగలిగే ఆటలు చాలు.

నాలుగవది, పరీక్షలకు ముందు ఫోన్లోంచి ఆటను తీసేయడం. అకౌంటు ఎక్కడికీ పోదు. పరీక్షలయ్యాక మళ్ళీ పెట్టుకోవచ్చు.

తల్లిదండ్రులకు కూడా ఒక మాట. అన్నానికి పిలిస్తే "ఒక్క నిమిషం" అని అరగంట రాడు. అది పొగరని అనుకుంటాం. కానీ మొబైల్ లెజెండ్స్, డోటా 2 లాంటి ఆటలకు మధ్యలో ఇష్టం వచ్చినంతసేపు ఆపుకునే వీలు ఉండదు. లేచి వెళితే జట్టులో మిగిలిన నలుగురూ నష్టపోతారు, మధ్యలో వదిలినందుకు ఆట శిక్ష కూడా వేస్తుంది. కాబట్టి ఆట మధ్యలో వైఫై తీసేయడం కంటే, "ఈ ఆట అయ్యాక రా, ఇంకోటి మొదలుపెట్టకు" అనడం మంచిది.

మా వాడు ఇంకో మాట కూడా అన్నాడు. "ఇది కూడా ఉద్యోగమే కదా మావయ్యా?" నిజమే. 2018 నవంబరులో ఇక్కడి బుకిత్ జలీల్‌లోని ఆక్సియాటా అరేనాలో పెద్ద డోటా 2 పోటీ జరిగింది. బహుమతుల మొత్తం పది లక్షల అమెరికన్ డాలర్లు. మరుసటి సంవత్సరం అక్కడే మొబైల్ లెజెండ్స్ మొదటి ప్రపంచ పోటీలు జరిగాయి. 2019 ఆగ్నేయాసియా క్రీడల్లో ఈ ఆటలకు పతకాలు కూడా ఇచ్చారు. కానీ ఆ డోటా పోటీకి వచ్చినవి 16 జట్లు, అంటే 80 మంది. ప్రపంచం మొత్తం మీద 80 మంది! "ఆ లెక్కలో ఉంటావంటే ఉండు. డిగ్రీ చేతిలో పెట్టుకుని ప్రయత్నించు" అన్నాను.

అలాగని ఆడే ప్రతి పిల్లవాడికీ జబ్బు అంటగట్టకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి, 2022 జనవరి నుంచి అమలులోకి తెచ్చిన జబ్బుల జాబితాలో గేమింగ్ రుగ్మత ఉంది. ఆట మీద అదుపు తప్పడం, మిగతా పనులన్నిటికంటే ఆటే ముఖ్యమైపోవడం, నష్టం కనబడుతున్నా మానలేకపోవడం, ఇవి మామూలుగా ఏడాది పాటు ఉంటేనే ఆ పేరు పెడతారు. అటువంటి గుర్తులు కనిపిస్తే మాత్రం సిగ్గుపడకుండా యూనివర్సిటీ కౌన్సెలర్‌ని గానీ, డాక్టర్ని గానీ కలవండి.

మా మేనల్లుడు ఇంటికి తిరిగి వచ్చాడు. బావగారు వైఫై మళ్ళీ పెట్టించారు. పోయిన రెండు సబ్జెక్టులూ వాడు మళ్ళీ చదువుతున్నాడు. ఫలితం ఎలా ఉంటుందో ఈ సెమిస్టరు అయితే గానీ తెలియదు. ప్రతి ఆదివారం నేను ఫోన్ చేసి ఒక్కటే అడుగుతాను. ఎన్ని గంటలు ఆడావని కాదు, ఎన్ని గంటలు చదివావని. మొదటి వారం తొమ్మిది అన్నాడు. పోయిన వారం పంతొమ్మిది. 25 ఇంకా రాలేదు, కానీ అడగ్గానే అంకె చెబుతున్నాడు. ఆ వయసులో నేను చెప్పలేకపోయాను.

మీ ఇంట్లో కాలేజికి వెళ్ళే పిల్లలుంటే ఈ వారం ఆ ప్రశ్న అడిగి చూడండి. కోపంగా కాకుండా, అన్నం తింటూ అడగండి.