లినక్స్‌లో పెన్‌డ్రైవ్‌కు విడిది ఎక్కడ?

పెదకూరపాడు హాస్టల్‌లో చదివి గుంటూరు, నరసరావుపేట కాలేజీలకు వెళ్లే మనలో చాలామందికి సొంత కంప్యూటర్ ఉండదు. సర్టిఫికెట్ల స్కాన్ కాపీలు, ప్రాజెక్టు రిపోర్టు అన్నీ ఒక్క పెన్‌డ్రైవ్‌లోనే ఉంటాయి. దాన్ని లినక్స్ కంప్యూటర్‌కు తగిలిస్తే విండోస్‌లో లాగా ‘ఇ’ డ్రైవ్, ‘ఎఫ్’ డ్రైవ్ అని కనిపించదు. మరి ఎక్కడికి పోయినట్టు?

ఉబుంటు, ఫెడోరా, మన తెలుగువారి ‘స్వేచ్ఛ’ – ఏ లినక్స్ అయినా ఫైళ్లన్నీ ఒకే చెట్టు. దాని మొదలును ‘రూట్’ అంటారు. కొత్తగా వచ్చిన డిస్కును ఆ చెట్టులోని ఒక ఫోల్డరుకు కలపడమే ‘మౌంట్’ చేయడం. పెళ్లివారికి విడిది చూపించడం లాంటిదన్నమాట.

ఒకప్పుడు ఈ విడిది ఒక్కొక్కరు ఒక్కోచోట పెట్టేవారు. కొందరు రూట్ కిందే ‘ఫ్లాపీ’, ‘సీడీరామ్’ ఫోల్డర్లు పెడితే, కొందరు వాటిని ‘ఎం.ఎన్.టి.’ ఫోల్డరులో పెట్టేవారు. ఈ గందరగోళం తగ్గించడానికి 2004లో ఫైల్‌సిస్టమ్ హైరార్కీ స్టాండర్డ్ 2.3, సీడీలు, పెన్‌డ్రైవ్‌ల వంటి వాటికి ‘మీడియా’ అనే ఫోల్డరును నిర్ణయించింది. ‘ఎం.ఎన్.టి.’ని మాత్రం సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ తాత్కాలిక అవసరాలకు వదిలింది.

ఇప్పుడు ఉబుంటులో పెన్‌డ్రైవ్ ‘మీడియా’లో మన యూజర్ పేరు గల ఫోల్డరు కింద ఉంటుంది. ఫెడోరాలో ‘రన్’ అనే ఫోల్డరు లోపలి ‘మీడియా’లో, అక్కడా మన పేరు కిందే ఉంటుంది. ‘రన్’ మెమరీలో ఉండేది కాబట్టి కంప్యూటర్ ఆపి మళ్లీ వేస్తే పాత ఫోల్డర్లు మిగలవు. యూజర్ పేరుతో విడిగా పెట్టడం వల్ల ఇంకో లాగిన్‌తో ఉన్న మామూలు యూజర్ మన ఫైళ్లు తెరవలేడు. అందరూ ఒకే లాగిన్ వాడే చోట మాత్రం ఈ రక్షణ ఉండదు.

చోటు తెలియకపోతే టెర్మినల్‌లో ఎల్, ఎస్, బి, ఎల్, కె అనే అయిదు అక్షరాలు చిన్నబడిలో వరసగా కొట్టి ఎంటర్ నొక్కండి. ఏ డిస్కు ఏ ఫోల్డరులో ఉందో చూపిస్తుంది.

అన్నిటికంటే ముఖ్యం, తీసేటప్పుడు జాగ్రత్త. కాపీ అయిపోయినట్టు తెర మీద కనిపించినా కొంత డేటా ఇంకా కంప్యూటర్ మెమరీలోనే ఉండవచ్చు. అప్పుడే లాగేస్తే ఫైలు పాడవుతుంది. ఫైల్ మేనేజర్‌లో పెన్‌డ్రైవ్ పేరు పక్కనున్న ‘ఎజెక్ట్’ గుర్తు నొక్కి, పని ముగిసేదాకా ఆగి తీయాలి. హాస్టల్ నుంచి ఊరికి వెళ్లేటప్పుడు రిజిస్టర్‌లో సంతకం చేస్తాం కదా, ఇదీ అంతే. ఆ అర నిమిషం ఓపిక మన ఏడాది కష్టాన్ని కాపాడుతుంది.