కాలడమే పనిగా పుట్టిన నూనె

టూ-స్ట్రోక్ ఇంజన్‌లో నూనె పనిచేసేది ఒక్కసారే. కారులోనో, ఫోర్-స్ట్రోక్ బైకులోనో పోసిన ఇంజన్ ఆయిల్ అడుగున నిలవ ఉండి, పంపు తోడితే పైకెళ్లి, మళ్లీ కిందికి జారి వేల కిలోమీటర్లు అలా తిరుగుతూనే ఉంటుంది. టూ-స్ట్రోక్‌లో ఆ ఏర్పాటు లేదు. పెట్రోలు వెంటే నూనె లోపలికి వస్తుంది, బేరింగులను తడుపుతుంది, పిస్టన్‌కూ సిలిండర్ గోడకూ మధ్య పలుచని పొరగా నిలుస్తుంది, చివరికి మంటలో పడి కాలి సైలెన్సర్ గుండా బయటికి పోతుంది. కాలేదాకా పొర చెదరకూడదు, కాలాక మసి మిగలకూడదు. ఈ రెండూ ఒకదానికొకటి పడని గుణాలు. మట్టిదారుల్లో తోలే డర్ట్ బైకుకు ఏ నూనె పోయాలన్న చర్చంతా వీటి మధ్య బేరమే.

ఈ చిక్కు ఇంజన్‌తోపాటే పుట్టింది. స్కాట్లండ్ ఇంజనీరు డుగాల్డ్ క్లర్క్ 1878లోనే టూ-స్ట్రోక్ ఇంజన్ చేశాడు గానీ, గాలిని నెట్టడానికి దానికి వేరే సిలిండర్ కావలసి వచ్చింది. ఇంగ్లండ్‌లోని బాత్ పట్టణంలో జోసెఫ్ డే 1891లో ఆ పనిని పిస్టన్ కింద ఉండే క్రాంక్ కేసుకే అప్పగించాడు. పిస్టన్ పైకెళ్తే కింద పీడనం తగ్గి గాలి, ఇంధనం లోపలికి వస్తాయి. పిస్టన్ దిగితే అవే నొక్కుకుపోయి పక్క దారుల్లోంచి సిలిండర్‌లోకి ఎగబాకుతాయి. మరుసటి ఏడాది డే దగ్గర పనిచేసే ఫ్రెడరిక్ కాక్, ఆ దారులను పిస్టన్ అంచే తెరిచి మూసేలా చేయడంతో వాల్వుల అవసరమూ తీరిపోయింది. పిస్టన్, కనెక్టింగ్ రాడ్, క్రాంక్: ప్రధానంగా కదిలేవి ఈ మూడే. ఇంజన్ అంత తేలికైపోయింది. అయితే క్రాంక్ కేసే ఊపిరి తీసే గది అయ్యాక అందులో నూనె నిలవ పెట్టే వీలు పోయింది. పెట్రోల్లోనే కలిపి పంపడం అలా వాడుకలోకి వచ్చింది.

క్రాంక్ కేసు వేడికి పెట్రోలు ఆవిరవుతుంది. బరువైన నూనె తుంపరగా విడిపోయి బేరింగుల మీద, సిలిండర్ గోడ మీద వాలుతుంది. 125 సీసీ మోటోక్రాస్ (మట్టి ట్రాక్ రేసు) ఇంజన్ నిమిషానికి 11,000 చుట్లు తిరిగేటప్పుడు సెకనుకు సుమారు 183 పేలుళ్లు. ఫోర్-స్ట్రోక్‌లో రెండు చుట్లకొక మంట అయితే ఇక్కడ ప్రతి చుట్టుకూ ఒకటి, కాబట్టి పిస్టన్‌కు చల్లారే తీరిక ఉండదు. ఆ నూనె పొర ఒక్కచోట తెగినా అల్యూమినియం పిస్టన్ ఉబ్బి సిలిండర్‌ను పట్టేస్తుంది. అలా సీజ్ అయిన ఇంజన్ విప్పితే పిస్టన్ పక్కలకు నిలువు గీతలు, వాటి మధ్య అరిగి మెరిసే లోహం కనిపిస్తాయి.

ఈ వేడిని తట్టుకోవడంలో తొలి రోజుల మొనగాడు తెలుగువారికి బాగా తెలిసిన ఆముదం. ఆముదంలోని కొవ్వు ఆమ్లాల్లో దాదాపు తొంభై శాతం రిసినోలిక్ ఆమ్లమే. ఆ అణువుకున్న హైడ్రాక్సిల్ సమూహం వల్ల అది లోహాన్ని గట్టిగా అంటుకుంటుంది, వేడెక్కినా త్వరగా పలచబడదు. క్యాస్ట్రాల్ అన్న పేరు కూడా ఆముదానికి ఇంగ్లిష్‌లో ఉన్న క్యాస్టర్ అన్న మాట నుంచి వచ్చిందే. మొదటి ప్రపంచయుద్ధపు విమానాల రోటరీ ఇంజన్లూ ఆముదం మీదే నడిచాయి. వాటి క్రాంక్ కేసు గుండా ఇంధనం పోతున్నా ఆముదం అందులో తేలిగ్గా కరగదు కాబట్టి పొర కొట్టుకుపోయేది కాదు. విచిత్రమేమంటే టూ-స్ట్రోక్‌లో ఆ సుగుణమే తలనొప్పి అయింది. పెట్రోల్లో కలిపిన ఆముదం చలికి విడిపోయి డబ్బా అడుగుకు చేరుతుంది. బాగా వేడెక్కితే జిగురుగా మారి, రింగులు కూర్చునే గాడిలో గోధుమరంగు వార్నిష్‌లా పేరుకుంటుంది. పాలమూరు, నల్లగొండ చేలల్లో తరాలుగా పండిన ఈ గింజ నూనె ఇప్పటికీ కొన్ని రేసింగ్ ఆయిళ్లలో ఉంది. అవి వాడేవారు ఇంజన్‌ను తరచుగా విప్పి శుభ్రం చేసుకోక తప్పదు.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత టూ-స్ట్రోక్ రేసు యంత్రంగా మారిపోయింది. తూర్పు జర్మనీ ఎంజెడ్ కంపెనీలో వాల్టర్ కాడెన్ సైలెన్సర్‌కు ముందుండే గొట్టాన్ని ఉబ్బెత్తుగా మలిచి, బయటికి పోయే పొగ అలలే తాజా మిశ్రమాన్ని వెనక్కి నెట్టేలా చేశాడు. 1961లో ఆయన రైడర్ ఎర్నెస్ట్ డెగ్నర్ పశ్చిమానికి పారిపోయి సుజుకీలో చేరాడు. మరుసటి ఏడాదే సుజుకీ 50 సీసీ ప్రపంచ టైటిల్ గెలిచింది. 1970లో బెల్జియం రైడర్ జోయెల్ రోబర్ అదే కంపెనీ బైకు మీద 250 సీసీ మోటోక్రాస్ ప్రపంచ చాంపియన్ అయ్యాడు. ఇంజన్ సైజు పెరగకుండానే శక్తి పెరిగింది, దాంతోపాటు పిస్టన్ నెత్తిన వేడీ పెరిగింది. మామూలు ఇంజన్ ఆయిల్‌ను ఇరవైకి ఒక పాలు కలిపి తోలే కాలం చెల్లింది. ఎస్టర్ వంటి సింథటిక్ నూనెలు, పొగ తగ్గించే పాలీఐసోబ్యూటిలీన్ డబ్బాల్లోకి వచ్చాయి. యమహా 1964లో తెచ్చిన ఆటోల్యూబ్ పంపు, ఇంజన్ వేగాన్నీ థ్రాటిల్‌నూ బట్టి నూనెను విడిగా అందించి, కలిపే పనే లేకుండా చేసింది. రోడ్డు బైకులకు అది వరమే. మోటోక్రాస్ బైకులు మాత్రం బరువు తగ్గించుకోవడానికి, పంపు మొరాయిస్తుందన్న భయం లేకుండా ఉండడానికి పాత పద్ధతినే పట్టుకున్నాయి.

మన దేశంలో ఈ నూనె టూటీ ఆయిల్ పేరుతోనే చెలామణి అయింది. బజాజ్ చేతక్ స్కూటర్ బంకులో ఆగగానే పెట్రోలుకు ముందో వెనకో దాన్ని పోయించుకోవడం ఒకప్పటి తంతు. కొలత ఎక్కువైతే తెల్లటి పొగ, తక్కువైతే బోరు ఖర్చు. నగరాల్లో ఆ పొగ భరించరానిదయ్యాక 1999 నుంచి తక్కువ పొగ వచ్చే టూటీ ఆయిలే అమ్మాలన్న నిబంధన వచ్చింది. ఆ కొలమానం జపాన్‌ది: జాసో ఎఫ్‌బీ, ఎఫ్‌సీ, ఎఫ్‌డీ. ఎఫ్‌సీ అంటే తక్కువ పొగ. ఎఫ్‌డీకి పొగ విషయంలో అదే హద్దు గానీ పిస్టన్‌ను శుభ్రంగా ఉంచే పరీక్ష అంతకంటే కఠినం. డబ్బా మీద అన్నిటికంటే ముందు చూడాల్సింది ఈ అక్షరాలే. బొమ్మలూ, రేసింగ్ అన్న మాటా తర్వాత.

కొనేవారు ఎక్కువగా పొరబడేది టీసీ-డబ్ల్యూ3 గుర్తు దగ్గర. అందులో డబ్ల్యూ నీటితో చల్లబడే ఇంజన్‌కు గుర్తు. డర్ట్ బైకుకూ రేడియేటర్ ఉంది కదా, ఇదీ అదీ ఒకటే అనిపిస్తుంది. ఒకటి కాదు. ఆ నూనె పడవ మోటార్లకు చేసినది. అవి చెరువు నీటినో సముద్రపు నీటినో ఎప్పటికప్పుడు తోడుకుని చల్లగా తిరుగుతాయి. మోటోక్రాస్ ఇంజన్ వేడికి అది చాలదు. ఫోర్-స్ట్రోక్ ఇంజన్ ఆయిల్ అసలే పనికిరాదు. దానిలోని లోహపు సంకలనాలు కాలాక బూడిదవుతాయి. ఆ బూడిద స్పార్క్ ప్లగ్ కొన మీద పేరుకుంటే ప్లగ్ పనిచేయడం మానేస్తుంది.

నూనె రకం తేలాక తోలే తీరు చూడాలి. ఎక్కువ వేడికి గానీ అంటుకోని రేసింగ్ నూనె, థ్రాటిల్ పూర్తిగా తిప్పి తోలే మోటోక్రాస్‌కు సరిపోతుంది. అదే నూనె పోసి అడవి దారిలో మొదటి, రెండో గేర్లలో నెమ్మదిగా పోతే సగం కాలక సైలెన్సర్ కొసన నల్లటి జిడ్డుగా కారుతుంది, పొగ బయటికి పోయే దారిని వేగాన్ని బట్టి సర్దే పవర్ వాల్వ్ బిగుసుకుంటుంది. అలాంటి తోలకానికి కాస్త తక్కువ వేడికే కాలే ఎఫ్‌డీ నూనె మేలు. ఖరీదైనదే మంచిదన్న లెక్క ఇక్కడ కుదరదు.

కొలత విషయంలో బైకు కంపెనీ పుస్తకమే ప్రమాణం. యమహా వైజెడ్ బైకులకు 30:1 అని, అంటే ముప్పై పాళ్ల పెట్రోలుకు ఒక పాలు నూనె అని ఉంటుంది. కేటీఎమ్ కొన్ని మోడళ్లకు 60:1 చెప్పింది. ఐదు లీటర్ల పెట్రోలుకు 32:1 అయితే 156 మి.లీ., 40:1 అయితే 125, 60:1 అయితే 83. నూనె ఎక్కువైతే నష్టమేముంది, భద్రమే కదా అనుకునేవారు ఒకటి మరిచిపోతారు: కార్బ్యురేటర్ జెట్‌లో నూనె పెరిగిన మేరకు పెట్రోలు తగ్గుతుంది. మిశ్రమం పలచబడి ఇంజన్ ఇంకా వేడెక్కుతుంది. కొలత మారిస్తే జెట్ కూడా మార్చాలి. ఆముదం రకాన్నీ ఖనిజ నూనె రకాన్నీ ఒకే ట్యాంకులో కలపకూడదు, అవి ఒకదానిలో ఒకటి కలవవు.

గేర్‌బాక్సుకు ఈ నూనెతో సంబంధం లేదు. దానికి వేరే నూనె ఉంటుంది, క్లచ్ ప్లేట్లు అందులోనే మునిగి ఉంటాయి కాబట్టి క్లచ్ జారని రకమే పోయాలి. కలిపిన పెట్రోలును వారాల తరబడి నిలవ పెట్టకుండా, పోసే ముందు డబ్బాను బాగా కుదిపి పోయాలి. టూటీ ఆయిల్‌కు నీలం, ఎరుపు, ఆకుపచ్చ రంగులు వేసేది అందానికి కాదు, నూనె కలిసిన పెట్రోలేదో చూపుకే తెలియడానికి. ట్యాంకులో పోసేదానిలో నూనె రంగు కనిపించకపోతే ఆగి, ఆ డబ్బాలో నూనె కలిపారో లేదో తేల్చుకున్నాకే కిక్ కొట్టాలి.