పిలిచినను పలుకని బిడ్డ

బిడ్డకు మాటలు ఆలస్యమైనచో ఇంటి పెద్దలు "వీని మేనమామయు నాలుగేండ్లకు గాని మాటలాడలేదు" అని ఊరడింతురు. మన బాబుపేట్‌లో మరియొక సమాధానము సిద్ధముగా నుండును: "ఇంట తెలుగు, వీధిలో మరాఠీ, బజారులో హిందీ, పసివాడు తికమకపడుచున్నాడు." ఈ మాట ఎంతవరకు నమ్మదగినదో తల్లిదండ్రులకు విన్నవించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ముందుగా మా పొరపాటునే చెప్పుకొందుము. కొన్నేండ్ల క్రిందట మా తరగతిలో ఒక బాలుడు హాజరు వేళ పేరు పిలిచినను పలికెడివాడు కాడు. గంట మ్రోగినచో చెవులు మూసికొనెడివాడు. సుద్దముక్కలను వరుసగా పేర్చెడివాడు. వానిని ఎవరైన కదలించినచో గోలుగోలున ఏడ్చెడివాడు. మొండితనమని మందలించితిమి. మూడు భాషల నడుమ చిక్కుకొన్నాడని తల్లికి నచ్చచెప్పితిమి. రెండేండ్ల పిమ్మట వైద్యులు అది ఆటిజం అని నిర్ణయించిరి. ఆ రెండేండ్లు మరల రావు.

ఆటిజం అంటువ్యాధి కాదు, గ్రహదోషము కాదు. అది పుట్టుకనుండియే మెదడు ఎదుగుదలలో నుండు భేదము. 1943లో అమెరికాలో లియో కానర్ అను వైద్యుడు 11 మంది పిల్లలను పరిశీలించి దీనిని వర్ణించెను. 2021 నాటికి ప్రపంచమున సుమారు 127 మందిలో ఒకరికి ఇది కలదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఇది బాలురలో ఎక్కువగా గుర్తింపబడుచున్నది. బాలికలలో సిగ్గరితనమని పొరబడి విడిచిపెట్టుటయు కలదు.

గమనింపవలసిన గురుతు లివి. ఏడాది నిండుచున్నను పేరు పిలిచిన తిరిగి చూడకుండుట. తల్లి నవ్వినను బదులు నవ్వకుండుట. టాటా చెప్పుట, చేతులు చాచుట వంటి సైగలు లేకుండుట. ఏడాదిన్నరకు తనకు నచ్చిన దానిని వ్రేలితో చూపకుండుట. రెండేండ్లకు రెండు మాటలు కూర్చి చెప్పలేకుండుట. విన్న మాటనే చిలుకవలె మరల మరల పలుకుట; బొమ్మబండితో ఆడుకొనక దాని చక్రమునే త్రిప్పుచుండుట; కుక్కరు ఈల వంటి చప్పుళ్లకు మిక్కిలి బెదరుట; బడికి పోవు దారి మారినను తాళలేకుండుట. వచ్చిన మాటలు పోయినచో, ఏ వయస్సునందైనను, వెంటనే వైద్యునికి చూపవలెను. ఏదో ఒక్క గురుతును చూచి బెదరిపోవలదు. అనేకములు కలిసి కనబడినచో ఉపేక్షింపనురాదు.

ఇక భాషల సంగతి. రెండు మూడు భాషల నడుమ పెరుగు బిడ్డ ఒకే వాక్యమున తెలుగును మరాఠీని కలుపవచ్చును. కాని అట్టి బిడ్డ ఆకాశమున విమానము పోవుచుండగా వ్రేలు చూపును. అమ్మయు చూచెనా అని ఆమె ముఖమువంక చూచును. మాట కొరతైనను సైగకు కొరత యుండదు. ఆటిజం గల బిడ్డలో ఈ సైగయు, ఈ చూపును తగ్గియుండును. కావున మాటలను లెక్కించుటతో ఆగక వ్రేలిని, చూపును గమనింపుడు. పెక్కు భాషలు ఆటిజమును కలిగింపవు. బిడ్డ కొరకై ఇంట తెలుగు మానవలసిన పనియు లేదు. రెండు భాషలు వినుటవలన ఇట్టి పిల్లలు వెనుకబడుదురని పరిశోధనలలో తేలలేదు. తల్లి లాలించు భాషను తీసివేసినచో బిడ్డకు మిగులునది మౌనమే.

తల్లిని నిందించుటయు తగదు. తల్లుల నిరాదరణయే కారణమని ఒకప్పుడు వైద్యులే పలికిరి. ఆటిజం గల కుమారునికి తండ్రియైన బెర్నార్డ్ రిమ్లాండ్ 1964లో తన గ్రంథమున ఆ వాదమును ఖండించెను. టీకాలే కారణమని 1998లో ప్రకటితమైన వ్యాసమును ప్రచురించిన పత్రికయే 2010లో ఉపసంహరించుకొన్నది.

సందేహము కలిగినప్పుడు మొదట బిడ్డకు వినికిడి పరీక్ష చేయింపవలెను. పిమ్మట పిల్లల వైద్యుని సలహా గైకొనవలెను. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమమున పుట్టినది మొదలు 18 ఏండ్లవరకు పిల్లల ఎదుగుదలను ఉచితముగా పరీక్షింతురు. అంగన్‌వాడీలో గాని బడిలో గాని అడుగవచ్చును. సికింద్రాబాదులో 1984లో స్థాపింపబడిన జాతీయ సంస్థ మేధోవైకల్యము గల పిల్లలకై పనిచేయుచున్నది. భారతదేశమున ఆటిజమును కొలుచుటకు 40 అంశముల పట్టికను సిద్ధపరచినదియు ఆ సంస్థయే. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము ఆటిజమును వైకల్యములలో చేర్చినది.

దీనిని పోగొట్టు మందు లేదు. ఆ పేర అమ్మువారిని నమ్మవలదు. కాని చిన్ననాటనే మాట, ఆట, సైగ నేర్పు శిక్షణ మొదలిడినచో బిడ్డకు మిక్కిలి మేలు కలుగును.

తల్లిదండ్రులారా! మీ బిడ్డ ఆటలో నుండగా వెనుకనుండి మెల్లగా పేరు పెట్టి పిలిచి చూడుడు. పలుమారు పిలిచినను తిరిగి చూడనిచో మొండివాడని కసరకుడు, వయస్సు వచ్చిన పలుకునని కాచుకొనియుండకుడు. ఆ సంగతి మాకును తెలియజేయుడు. ఈసారి మేమును మొండితనమని అనము.