సముద్రపు నీటిలో వంటచెరకు



సముద్ర తీరాన వాకాడు వాళ్లకు రాకెట్లు కొత్త కాదు. వారికి దక్షిణాన శ్రీహరికోట ఉంది. సూర్యుణ్ణి పరిశీలించే ఆదిత్య-ఎల్1 2023 సెప్టెంబరు 2న అక్కణ్ణుంచే బయలుదేరింది. ఆ సూర్యుడిలాంటి పొయ్యికి కావలసిన వంటచెరకు ఆ తీరంలోనే, తూపిలిపాలెం సముద్రపు నీటిలోనే ఉంది. దాని పేరు డ్యుటీరియం, అంటే బరువైన హైడ్రోజన్. వెయ్యి లీటర్ల నీటిలో సుమారు 33 గ్రాములుంటుంది. మరి ఇంత చెరకు ఉండగా ఆ పొయ్యి మన ఇళ్లకు ఇంకా ఎందుకు అందలేదు?

వేడి పాలలో చల్లటి పాలు పోశారనుకోండి. కాసేపటికి గిన్నెంతా ఒకే వేడికి వస్తుంది కదూ? చురుకైన అణువులు మందకొడి అణువులను ఢీకొని శక్తిని పంచుతాయి. ఈ ఢీకొనడాలనే అభిఘాతాలంటారు. ఇచ్చిపుచ్చుకోవడం సరితూగితే అదే ఉష్ణ సమతాస్థితి. అప్పుడు కూడా అన్నిటి వేగమూ ఒకటే కాదు సుమండీ. ఏ కొన్నో మిగతావాటికన్నా చాలా చురుగ్గా ఉంటాయి.

హైడ్రోజన్‌ను విపరీతంగా వేడిచేస్తే ఎలక్ట్రానులు, కేంద్రకాలు విడిపోతాయి. అదే ప్లాస్మా. డ్యుటీరియం కేంద్రకం ఎలక్ట్రానుకన్నా సుమారు 3,670 రెట్లు బరువు. గుమ్మడికాయకు ఆవగింజ తగిలితే ఏమవుతుంది? ఆవగింజ ఎగిరిపోతుంది, గుమ్మడికాయ కదలదు. అందుకే ఎలక్ట్రానులు తమలో తాము ముందు సర్దుకుంటాయి, కేంద్రకాలు తర్వాత, రెండూ కలిసి ఒకే వేడికి రావడం అన్నిటికన్నా ఆలస్యం. పైగా ప్లాస్మా వేడెక్కినకొద్దీ అవి ఒకదాన్నొకటి దాటి దూసుకుపోతాయి, పంచుకోవడం ఇంకా తగ్గుతుంది. ఒకే గిన్నెలో రెండు వేడిమి లెక్కలన్నమాట! కరెంటు పంపి హీటరు తీగలా వేడిచేద్దామంటే, అభిఘాతాలు తగ్గేసరికి ఆ వేడీ చాలదు. వేరే దారుల్లో వేడి అందించాలి.

ఇక కేంద్రకాలు రెండూ ధనావేశం గలవే కనుక దగ్గరకొస్తే వికర్షించుకుని పక్కకు తప్పుకుంటాయి. ఎన్నోసార్లు తప్పుకున్నాక ఎప్పుడో ఒక జంట కలుస్తుంది. అందులోనూ బాగా చురుకైనవే కలుస్తాయి. ఆ కలయిక నుంచే శక్తి వస్తుంది. సూర్యుడు తన బరువుతోనే ప్లాస్మాను పట్టి ఉంచుతాడు కనుక 1.5 కోట్ల డిగ్రీలు చాలు. మనకు 10 నుంచి 15 కోట్ల డిగ్రీలు కావాలి. దాన్ని ఏ గిన్నె భరిస్తుంది? అందుకే గారె ఆకారపు పాత్రలో, గోడకు తగలకుండా అయస్కాంత శక్తితో ఆపుతారు. దాన్ని టోకమాక్ అంటారు. గాంధీనగర్‌లోని ప్లాస్మా పరిశోధన సంస్థలో ‘ఆదిత్య’ అనే టోకమాక్ 1989లో పనిచేయడం మొదలుపెట్టింది.

నడుమ అంత వేడి, అంచున చల్లన. వేడి ఎప్పుడూ గోడవైపు జారాలనే చూస్తుంది. గోడతో పూర్తి సమతాస్థితి వచ్చిందంటే పొయ్యి ఆరినట్టే!

ఇంగ్లండులోని జెట్ అనే టోకమాక్ 2023లో సుమారు 5 సెకన్లలో 69 మెగాజౌళ్ల శక్తినిచ్చింది. మన కరెంటు బిల్లు లెక్కలో సుమారు 19 యూనిట్లు. కాని ప్లాస్మాను వేడిచేయడానికి పోసినది అంతకన్నా ఎక్కువే. కనుక సముద్రపు నీటితో రేపే కరెంటని ఎవరైనా అంటే, వేడి ఎంతసేపు నిలిచింది, పెట్టినదానికన్నా వచ్చింది ఎక్కువా అని అడగండి. వంటింటి పద్దు రాసే మనకు ఆ లెక్క తెలియనిది కాదు.