కణితి పంపే కబురు

రక్తం అందకపోతే కణితి ఒకటి రెండు మిల్లీమీటర్లు మించి పెరగలేదు. 1971లో డాక్టర్ జూడా ఫోక్‌మన్ ఈ మాట అంటే తోటి డాక్టర్లు చాలామంది కొట్టిపారేశారు.

ఆక్సిజన్ చాలని కణాలు వీఈజీఎఫ్ అనే ప్రొటీన్‌ను బయటికి వదులుతాయి. పక్కనున్న రక్తనాళం మీది రిసెప్టర్లు దాన్ని పట్టుకోగానే ఆ నాళం కణితి వైపు కొత్త కొమ్మ వేస్తుంది.

ఈ ప్రొటీన్ రెండుసార్లు దొరికింది. 1983లో పరిశోధకులు సెంగర్, డ్వోరక్‌లకు నాళాల్ని కారేలా చేసే పదార్థంగా, 1989లో ఫెరారాకు నాళాల్ని పెంచే పదార్థంగా. రెండూ ఒకటేనని తర్వాత తేలింది. కొందరు క్యాన్సర్ రోగుల పొట్టలో నీరు చేరడంలోనూ దీని పాత్ర ఉంది.

వీఈజీఎఫ్ రిసెప్టర్లలో ఒకటో నంబరుది దాన్ని గట్టిగా పట్టుకుంటుంది గానీ పని అంతంతమాత్రం. నాళాలు పెంచే పనిలో పెద్ద వాటా రెండో నంబరుదే. ఇలాంటి జంట ప్రతి ఆఫీసులోనూ ఉంటుంది.

హైదరాబాద్‌లో అంబర్‌పేట్ నుంచి ఓయూ క్యాంపస్ మీదుగా తార్నాక వచ్చి ఉప్పల్ రోడ్డు పడితే ఐఐసీటీ, కాస్త ముందుకెళ్తే సీసీఎంబీ. ఒకటి రసాయనాల ల్యాబు, ఇంకోటి జీవకణాల ల్యాబు. 1977లో సీసీఎంబీ మొదలైంది ఐఐసీటీ ఆవరణలోనే, అప్పట్లో ఐఐసీటీ పేరు ఆర్ఆర్ఎల్. వీఈజీఎఫ్‌ను ఆపే ముఖ్యమైన దారులూ ఈ రెండే: జీవకణాల్లో తయారైన యాంటీబాడీతో ప్రొటీన్‌ను బయటే పట్టేయడం, లేదా రసాయన మాత్రతో రిసెప్టర్ లోపలి కొసను పనిచేయకుండా చేయడం.

హైదరాబాద్ కంపెనీలు రెండు దారులూ తొక్కాయి. యాంటీబాడీ పేరు బెవాసిజుమాబ్. దాన్ని పోలిన మందును (బయోసిమిలర్) హెటిరో 2016లో, డాక్టర్ రెడ్డీస్ 2019లో తెచ్చాయి.

మాత్ర కథే అసలు కథ. కిడ్నీ, లివర్ క్యాన్సర్లకు వాడే సొరాఫెనిబ్‌కు నెలకు 2,80,000 రూపాయలకు పైనే అయ్యేది. పేటెంట్ అప్పట్లో బేయర్ కంపెనీది. 2012 మార్చి 9న మన పేటెంట్ల కంట్రోలర్ బేయర్ ఒప్పుకోకపోయినా ఆ మాత్ర తయారుచేసేందుకు హైదరాబాద్ కంపెనీ నాట్కోకు కంపల్సరీ లైసెన్స్ ఇచ్చారు, దేశంలో అదే మొదటిది. నెలకు సరిపోయే 120 మాత్రల ధర 8,880 రూపాయలుగా పెట్టారు. షరతులూ పెట్టారు: మాత్రలు నాట్కో సొంతంగానే తయారుచేయాలి, బేయర్‌కు 6 శాతం రాయల్టీ కట్టాలి, ఏటా 600 మంది పేదలకు ఉచితంగా ఇవ్వాలి. బేయర్ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2014 డిసెంబర్‌లో అక్కడా చుక్కెదురైంది.

ఈ మందులు వాడేవాళ్లకు బీపీ పెరగొచ్చు, గాయాలు త్వరగా మానకపోవచ్చు. వీఈజీఎఫ్ కణితి ఒక్కదానికే కాదు, ఒంటికంతటికీ కావాలి మరి. ఆపరేషన్ తర్వాత బెవాసిజుమాబ్ మొదలుపెట్టడానికి కనీసం 28 రోజులు ఆగేది అందుకే.

అదే ఇంజక్షన్‌ను షుగర్‌తో దెబ్బతిన్న రెటీనాకూ వాడతారు. క్యాన్సర్‌కు కిలో బరువుకు 5 మిల్లీగ్రాముల లెక్కన 60 కిలోల మనిషికి 300 పడితే, కంట్లోకి 1.25 చాలు.