రెండు శాతమే కదా!

కిందటి దసరా సెలవులకు బెంగుళూరు నుండి మేం ఎనిమిది మందిమి దండేలి వెళ్ళాం. కాళీనదిలో రాఫ్టింగ్ చెయ్యాలని పిల్లల సరదా. మనిషికి 1,500 చొప్పున 12,000 రూపాయలయింది. మావారు క్రెడిట్ కార్డు తీయగానే కౌంటర్లో అబ్బాయి, "కార్డయితే రెండు శాతం అదనం సార్" అన్నాడు. "రెండు శాతమే కదా!" అంటూ మావారు గీకేశారు.

రాత్రి నేను ఖర్చులు రాసుకుంటుంటే అత్తయ్యగారు అడిగారు, "ఈ 240 దేనికమ్మా?" అని.

"కార్డు వాడినందుకు" అన్నాను.

"వాడితే మనకే డబ్బు తిరిగొస్తుందన్నారుగా?"

నిజమే. మా కార్డు నూటికి రూపాయి వెనక్కిస్తుంది. అంటే 120 వచ్చింది, 240 పోయింది! మా ఇద్దరికీ నోట మాట రాలేదు.

సంగతేమిటంటే, క్రెడిట్ కార్డు గీకినప్పుడల్లా వ్యాపారి బ్యాంకుకు కొంత రుసుము ఇచ్చుకోవాలి. కొందరు దాన్ని మన నెత్తిన వేస్తారు. బ్యాంకు ఖాతా నుండి యూపీఐలో గానీ, రూపే డెబిట్ కార్డుతో గానీ చెల్లిస్తే వ్యాపారికి పడే ఆ రుసుమును 2020 జనవరి 1 నుండి ఎత్తేశారు.

అలాగని క్రెడిట్ కార్డును అటకెక్కించనక్కర్లేదు. నెల ముందే పైకం కట్టాక వాళ్ళు చేతులెత్తేస్తే, గడువులోగా కార్డు ఇచ్చిన బ్యాంకుకు ఫిర్యాదు చేసి డబ్బు రాబట్టుకునే వీలుంది. అలాంటప్పుడు రెండు శాతం దండగ కాదు. అప్పటికప్పుడు పడవెక్కేటప్పుడు మాత్రం దండగే!

మర్నాడు జిప్‌లైన్ దగ్గర, మావారు జేబులో చెయ్యి పెట్టకముందే "కార్డుకు అదనమెంత బాబూ?" అని అడిగింది అత్తయ్యగారే. మీరూ అడగండి.