హైస్కూలు మీద నమ్మకం ఎక్కడ కుదురుతుంది

ప్రాథమిక పాఠశాలలో పిల్లలకు ఒకరిద్దరు టీచర్లే ఉంటారు. వాళ్లెవరో ఇంట్లోవాళ్లకు తెలుసు, ఇంటి సంగతి వాళ్లకు తెలుసు. ఆరో తరగతితో ఇది మారిపోతుంది. తెలుగు నుంచి సాంఘికం దాకా సబ్జెక్టుకొక టీచరు. బడి చాలామందికి పక్క ఊళ్లో. పిల్ల చదువు గురించి ఎవరిని అడగాలో తల్లికి తోచదు, ఆ పిల్ల ఇంటి పరిస్థితి ఏ టీచరుకూ పూర్తిగా అందదు. హైస్కూలుకూ ఇంటికీ మధ్య నమ్మకం పలచబడటం ఇక్కడే మొదలవుతుంది. ఇందులో ఎవరి దుర్బుద్ధీ ఉండనక్కర్లేదు.

ఆంథొనీ బ్రిక్, బార్బరా ష్నైడర్ అనే పరిశోధకులు 1990లలో షికాగో బడులను పరిశీలించి 2002లో ఒక పుస్తకం వెలువరించారు. బడిలో మనుషులు ఒకరినొకరు నాలుగు విషయాల్లో తూచుకుంటారని వారు తేల్చారు: గౌరవం, పనితనం, ఎదుటివారి మీద ఆపేక్ష, మాటకు కట్టుబడటం. వీటిలో ఒకటి బాగా లోపించినా మిగతావి ఆదుకోలేవు. చిన్న బడుల్లో నమ్మకం సులువుగా కుదురుతుందన్నది వారి మరో పరిశీలన. వారు చూసినవి ప్రాథమిక బడులే. అయినా పెద్దవైన హైస్కూళ్లకే ఈ మాట ఎక్కువ తగులుతుంది.

తెలుగు రాష్ట్రాల్లో ఈ నమ్మకానికి గట్టి పరీక్ష పదో తరగతి. ఉత్తీర్ణత తగ్గితే పై అధికారి హెడ్‌మాస్టర్‌ను నిలదీస్తాడు, హెడ్‌మాస్టర్ సబ్జెక్టు టీచరును. ఆ టీచరు చేతికి వచ్చిన పిల్లల్లో కూడికలు, తీసివేతల దగ్గరే ఆగిపోయినవారూ ఉంటారు. స్టాఫ్ మీటింగులో అందరి ముందూ కడిగేసే హెడ్‌మాస్టర్ దగ్గర టీచర్లు సమస్యను దాచడం నేర్చుకుంటారు. విడిగా కూర్చోబెట్టుకుని ఏ పాఠం దగ్గర చిక్కొచ్చిందో అడిగితే అదే టీచరు ఉన్నది ఉన్నట్టు చెబుతారు. టైంటేబుల్, సెలవుల విషయంలో పక్షపాతం లేదని కనబడితే సాయంత్రం స్పెషల్ క్లాసుల మీద గొణుగుడు కూడా తగ్గుతుంది.

తల్లిదండ్రులకు బడి నుంచి పిలుపంటే మార్కులు తగ్గాయనో, అల్లరి చేశాడనో. కూలి పోగొట్టుకుని వచ్చి, వరండాలో నిలబడి చీవాట్లు తిన్న తండ్రి మళ్లీ రాడు. ఈ తల్లిదండ్రులకు పట్టదని స్టాఫ్‌రూమ్ తీర్పు చెప్పేస్తుంది! ఆ తండ్రికి కుర్చీ వేసి, పిల్లవాడు బాగా చేసిన పని ఒకటి ముందు చెబితే తర్వాతి మాట చెవికెక్కుతుంది.

విద్యాహక్కు చట్టం, 2009 ప్రకారం బడి యాజమాన్య కమిటీలో కనీసం నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి. సభ్యుల్లో సగం మంది మహిళలు. ఆ చట్టం ఎనిమిదో తరగతి వరకే. తొమ్మిది, పది తరగతులకు వేరే పథకం కింద కమిటీలు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్ 2024 డిసెంబరు 7న ప్రభుత్వ బడులన్నిటా ఒకేరోజు తల్లిదండ్రులతో సమావేశాలు జరిపింది. రావడం అలవాటు చేయడానికి ఇది మంచిదే. వేదిక, ప్రసంగాలు మధ్యాహ్నం దాకా సాగితే మాత్రం నోటుపుస్తకం తెరిచి మాట్లాడుకునే సమయం మిగలదు.

డబ్బు లెక్క కూడా నమ్మకంలో భాగమే. సమగ్ర శిక్ష మార్గదర్శకాల ప్రకారం పిల్లల సంఖ్యను బట్టి బడికి ఏడాదికి 10,000 నుంచి 1,00,000 రూపాయల దాకా గ్రాంటు ఉంటుంది. అందులో ఎంత వచ్చింది, దేనికి ఖర్చయింది అన్నది నోటీసు బోర్డు మీద పెట్టమని కమిటీ సభ్యులు వచ్చే సమావేశంలోనే అడగాలి.